ఉత్తుత్తి రోగి... అసలు వైద్యం

తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. రోగి పేరు, వయసు, వచ్చిన బాధ ఒక్క ముక్కలో. కింద బీపీ, నాడి, జ్వరం అంకెలు. డాక్టరు అది గబగబా చదువుకుని, తలుపు తట్టి లోపలికి వెళతాడు. ఆస్పత్రి గౌను వేసుకున్న మనిషి బల్ల అంచున కూర్చుని, కడుపు పట్టుకుని ముందుకు వంగి ఉంటాడు. కుడిపక్క డొక్క కింద చెయ్యి ఆనించగానే మొహం చిట్లించి మెలికలు తిరుగుతాడు. నొప్పి ఎప్పటినుంచి, ఎక్కడ మొదలైంది, ఎటు పాకింది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా, మందు అలవాటుందా... ఇవన్నీ అడిగి, పరీక్ష చేసి, ఏమై ఉండొచ్చో చెప్పి, నాలుగు ధైర్యవచనాలు పలికి బయటపడటానికి పదిహేను నిమిషాలు. కేసు రాయడానికి మరో పది. డాక్టరు గుమ్మం దాటగానే కడుపునొప్పి మనిషి నిటారుగా లేచి, కంప్యూటరు ముందు కూర్చుని టిక్కులు పెట్టడం మొదలెడతాడు. చేతులు కడుక్కున్నాడా? పేరు పెట్టి పలకరించాడా? నొక్కబోయే ముందు చెప్పాడా?

ఆ మనిషికి ఏ జబ్బూ లేదు. డబ్బు తీసుకుని రోగి వేషం వేసే మనిషి అతను. అలాంటి గదులు ఒకదాని తర్వాత ఒకటి, పన్నెండు. అమెరికాలో డాక్టరుగా పనిచేయాలంటే రాయాల్సిన పరీక్షల్లో 2004లో చేర్చిన ‘స్టెప్ టూ సీఎస్’ తంతు ఇది. ఫిలడెల్ఫియా, అట్లాంటా, షికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజెలెస్... ఈ ఐదు ఊళ్ళలోనే జరిగేది. ఫీజే వెయ్యి డాలర్ల పైమాట. వీసా, విమానం, హోటలు ఖర్చు వేరే. గుంటూరులోనో వరంగల్‌లోనో ఎంబీబీఎస్ చేసి అక్కడ రెసిడెన్సీకి వెళ్ళిన ఒక తరం తెలుగు డాక్టర్లు ఈ తలుపులు తట్టినవాళ్ళే.

చిత్రమేమిటంటే, హౌస్‌సర్జన్‌గా క్యాజువాల్టీలో రాత్రంతా నిలబడి నిజమైన రోగులను చూసినవాళ్ళు సైతం ఈ ఉత్తుత్తి రోగి ముందు తడబడేవారు. వాళ్ళకు తెలియనిది వైద్యం కాదు. మన ఓపీలో రోగికి దొరికేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో కుశలప్రశ్నలకు చోటేదీ? అందుకని పరీక్షకు ముందు సానుభూతిని కూడా బట్టీ పట్టేవాళ్ళు. రోగి ‘మా నాన్న నిరుడు పోయారు’ అన్నా, ‘ఉద్యోగం పోయింది’ అన్నా, ‘విరేచనాలు అవుతున్నాయి’ అన్నా వెంటనే ఒకటే పాట: ‘అయాం సారీ టు హియర్ దట్’. ఇక గదిలో ఉన్న ఇద్దరూ నటులే అన్నమాట.

కొవిడ్‌తో 2020 మార్చిలో ఆగిన ఆ పరీక్షను 2021 జనవరిలో పూర్తిగా ఎత్తేశారు. అమెరికాలో చదివినవాళ్ళు దాదాపు అందరూ మొదటిసారే గట్టెక్కే పరీక్షకు అంత ఖర్చెందుకన్నది అంతకుముందు నుంచే ఉన్న గొడవ. పరీక్ష పోయింది కానీ పద్ధతి పోలేదు. బ్రిటన్ వెళ్ళేవాళ్ళకు మాంచెస్టర్‌లో జరిగే ప్లాబ్ రెండో భాగం ఇప్పటికీ వేషగాళ్ళతోనే నడుస్తోంది. విమాన చోదకులు, పోలీసులు, సైనికులు, అణు విద్యుత్ కేంద్రంలో మీటర్లు చూసేవాళ్ళు... పొరపాటు చేస్తే ప్రాణం మీదికి వచ్చే ప్రతి వృత్తీ ఇవాళ నటన మీద ఆధారపడి ఉంది. ఆ నటన ఎంత నిజంలా ఉండాలి? ఏ విషయంలో నిజంలా ఉండాలి? డబ్బంతా తరచుగా తప్పు చోట ఖర్చవుతున్నదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

జబ్బు కాలు మార్చిన రోగి

ఈ ఉత్తుత్తి రోగి విద్యకు ఆద్యుడు హోవర్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు. ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకున్న ముచ్చట ఒకటుంది. న్యూరాలజీ పరీక్షకు ఒక నిజమైన రోగిని ‘కేసు’గా కూర్చోబెట్టారట. అభ్యర్థులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి సుత్తితో మోకాళ్ళు కొట్టి, సూదులతో గుచ్చి, అరికాళ్ళు గీకి పోతున్నారు. వాళ్ళలో ఒకడు మరీ మొరటుగా చూశాడట. దానికా రోగి చేసిన శాస్తి ఏమిటంటే, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచే లక్షణాన్ని ఒక కాలి నుంచి రెండో కాలికి మార్చేశాడు! పాపం ఆ అభ్యర్థి ఏ రోగం రాసి ఉంటాడో. రోగి జబ్బును నటించగలడని, పైగా తన ముందు నిలబడ్డ డాక్టరు ఎలాంటివాడో అందరికంటే బాగా చెప్పగలవాడు రోగేనని బారోస్‌కు అక్కడ తట్టింది.

1963లో సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన చిత్రకారులకు మోడల్‌గా కూర్చునే ఒకావిడకు తర్ఫీదిచ్చి, కాళ్ళు పడిపోయిన ‘ప్యాటీ డగ్గర్’ అనే కల్పిత రోగిగా విద్యార్థుల ముందు పెట్టాడు. మరుసటి ఏడు దాని గురించి పత్రంలో రాస్తే తోటి డాక్టర్లు ముక్కున వేలేసుకున్నారు. పత్రికలు హాలీవుడ్ పేరెత్తి ఎగతాళి చేశాయి. వైద్యమనే గంభీరమైన వ్యవహారంలోకి నాటకాలవాళ్ళేమిటని! 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ పరీక్షను చిన్న చిన్న గదులుగా, కొద్ది కొద్ది నిమిషాలుగా విడగొట్టి, అందరికీ ఒకే కొలత పెట్టే పద్ధతి తెచ్చాడు. మన మెడికోలు ‘ఆస్కీ’ అని పిలుచుకునేది దాన్నే. ఆ గదుల్లోకి బారోస్ రోగులు చక్కగా ఇమిడిపోయారు.

మన టీచింగ్ ఆస్పత్రుల్లో పరీక్షల రోజుల్లో ‘కేసులు’ ఉంటారు. వాళ్ళవి నిజం జబ్బులే. గుండె కవాటం బిగిసిన పెద్దాయన, ప్లీహం వాచిన కుర్రాడు, నడక తేడా పడిన ఆడమనిషి. ఏటేటా వచ్చి అనుభవం గడించినవాళ్ళూ ఉంటారు. స్టెతస్కోపు పెట్టుకుని తెల్లమొహం వేసిన స్టూడెంటును చూసి జాలిపడి, ‘ఎడమపక్కకు ఒత్తిగిల్లమని చెప్పి వినండి బాబూ, అప్పుడు వినపడుద్ది’ అని చెప్పే ముసలాయన కథ మెడికోల హాస్టళ్ళలో తరతరాలుగా తిరుగుతూనే ఉంది. కథే అయినా పాఠం సరైనదే. ఆ కవాటం చప్పుడు ఎడమపక్కకు తిరిగి పడుకుంటేనే బాగా పట్టుబడుతుంది.

పన్నెండోసారి కూడా అదే నొప్పి

ఇక్కడ నటన శాస్త్రం అడ్డం వస్తుంది. రోగి వేషం వేసినవాడు పొద్దున్న మొదటి విద్యార్థి ముందు ఎంత నొప్పి చూపించాడో, సాయంత్రం చివరి విద్యార్థి ముందూ అంతే చూపించాలి. రవ్వంత తగ్గినా చివరివాడికి అన్యాయం. నిజంగా బాధను ఊహించుకుని కన్నీళ్ళు తెచ్చుకునే నటుడు ఇది చేయగలడా?

పద్దెనిమిదో శతాబ్దంలోనే ఫ్రెంచి రచయిత దిదెరో ఈ గుట్టు విప్పాడు. నిజంగా ఉద్వేగపడే నటుడు మొదటి రాత్రి నిప్పులు కురిపించి మూడో రాత్రికి చల్లారిపోతాడని, గొప్ప నటుడు లోపల చల్లగా ఉండి చూసేవాళ్ళలో మంట పుట్టిస్తాడని ఆయన వాదం. రష్యాలో స్తానిస్లావ్‌స్కీ దారి వేరు. ‘నేనే ఈ స్థితిలో ఉంటే ఏం చేస్తాను?’ అన్న ప్రశ్నతో పాత్రలోకి దిగమన్నాడు. నటులు ఈ రెండిటి మధ్య నూరేళ్ళుగా కొట్టుకుంటున్నారు. రోగి వేషానికి మాత్రం రెండూ కావాలి. బాధ దిదెరో చెప్పినట్టు కొలిచి చూపాలి. డాక్టరు ఊహించని ప్రశ్న వేస్తే స్తానిస్లావ్‌స్కీ చెప్పినట్టు పాత్ర లోపలి నుంచి జవాబు చెప్పాలి.

మనకు ఈ చర్చ కొత్త కాదు. నాట్యశాస్త్రం లోకధర్మి, నాట్యధర్మి అని రెండు తోవలు ఎప్పుడో చెప్పింది. లోకంలో మనుషులు ఎలా ఉంటారో అలా చేయడం ఒకటి, రంగానికి తగ్గట్టు మలిచి చేయడం ఇంకొకటి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు మగవాడై ఉండి సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ప్రేక్షకులను ఏలాడు. 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆయన గొప్పతనం ఆడదానిలా కనిపించడంలో లేదు. సత్యభామ నడక మధురవాణికి ఉండదు. రాణి చీర కొంగు పట్టే తీరు వేశ్య పట్టే తీరు కాదు. ఆ తేడా ఆయనకు తెలుసు.

లోకధర్మిని దాని అంచుదాకా తీసుకెళ్ళినవాళ్ళు పగటి వేషగాళ్ళు. రాత్రి దీపాల వెలుగూ లేదు, తెరా లేదు, దూరంగా కూర్చున్న ప్రేక్షకుడూ లేడు. పట్టపగలు, నడివీధిలో, మూరెడు దూరంలో నిలబడి ఫకీరుననో, సోమయాజులుననో, బుడబుక్కలవాడిననో నమ్మించాలి. అర్ధనారీశ్వర వేషం చూసినవాళ్ళకు ఆ పనితనం తెలుస్తుంది. ముక్కు నడిమిన గీత గీసినట్టు ఒక పక్క విభూతి, జడలు. మరోపక్క పసుపు, కాటుక, ముక్కుపుడక. ఒక గుడ్డ అడ్డం పెట్టుకుని ఇటు తిరిగితే శివుడి గొంతు, అటు తిరిగితే పార్వతి గొంతు. అయితే వీళ్ళ అసలు సత్తా రంగులో కాక మాట అందుకోవడంలో ఉంది. అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి ఏ కొంటె ప్రశ్న వేసినా వేషం చెడకుండా జవాబు చెప్పాలి. కొంతకాలం ఊళ్ళో రోజుకో వేషం వేసి, ఆఖరున సంభావనలు అడిగేటప్పుడు ‘ఇన్నాళ్ళూ వచ్చింది మేమే’ అని తెలియజెప్పుకునేవారు. ఈ రెండు గుణాలు గుర్తుంచుకోండి. ఎదుటివాడికి తగ్గట్టు మాట్లాడటం, చివర్లో వేషం విప్పడం. అమెరికా వైద్య కళాశాలలు కోట్ల డాలర్లు పోసి నేర్చుకున్నదీ ఈ రెండే.

బొమ్మ విమానం, చేతిరాత కాగితం

నటన ఏ విషయంలో నిజంలా ఉండాలన్నది యంత్రాల సంగతికి వస్తే ఇంకా స్పష్టమవుతుంది. న్యూయార్క్ రాష్ట్రం బింగ్‌హామ్‌టన్‌లో ఎడ్విన్ లింక్ అనే కుర్రాడి తండ్రిది సంగీత వాద్యాలు, పియానోలు, ఆర్గన్లు చేసే కర్మాగారం. ఆ వాద్యాలలో గాలి ఊదే తిత్తులనే వాడి 1929లో అతను ఒక విమానం బొమ్మ చేశాడు. పొట్టి రెక్కలు, చెక్క డబ్బా ఒళ్ళు. మొదట్లో దాన్ని కొన్నది వినోద కేంద్రాలవాళ్ళు! 1934లో అమెరికా సైన్యం టపా మోసే పని నెత్తికెత్తుకుంది. మబ్బుల్లో, మంచులో, రాత్రిపూట మీటర్లు మాత్రమే చూసి నడపడం రాక పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్ బొమ్మలు ఆరు కొన్నది. మూత వేస్తే లోపల చీకటి, ఎదురుగా మీటర్లు. బయటికి చూస్తే పిల్లల ఆటవస్తువు. అయినా నేర్పాల్సింది కచ్చితంగా నేర్పింది. ఎందుకంటే మబ్బులో పైలట్‌కు కనిపించేది మీటర్లే, రెక్కల అందం కాదు.

దీనికంటే గొప్ప ఉదాహరణ చంద్రుడి మీద దిగిన రోజుది. 1969 జులై మొదట్లో, అపోలో-11 బయల్దేరడానికి కొద్ది రోజుల ముందు, హ్యూస్టన్ కంట్రోల్ గదిలో ఆఖరి రిహార్సళ్ళు జరుగుతున్నాయి. అక్కడ ఒక ప్రత్యేకమైన ఉద్యోగం ఉండేది. రిహార్సల్లో ఏ గండం ఎప్పుడు తెచ్చిపెట్టాలో తలచి పెట్టేవాడు. ఆనాడు ఆ పని రిచర్డ్ కూస్‌ది. ఉత్తుత్తి నౌక చంద్రుడి మీదికి దిగుతుండగా కంప్యూటరు మీద ‘1201’ అనే హెచ్చరిక వెలిగేలా చేశాడు. దాని అర్థం గదిలో చాలామందికి తెలియదు. ఇరవై ఆరేళ్ళ స్టీవ్ బేల్స్ కంగారుపడి ‘ఆపేయండి, వెనక్కి తిప్పండి’ అన్నాడు. రిహార్సలు అయ్యాక కూస్ తప్పుపట్టాడు. కంప్యూటరుకు పని ఎక్కువైందని మాత్రమే ఆ అంకె చెబుతోంది, మిగతావన్నీ సవ్యంగా ఉన్నాయి, దిగి ఉండాల్సింది అన్నాడు. ఫ్లైట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ ఆ కంప్యూటరు ఇవ్వగల ప్రతి హెచ్చరికకూ ఏం చేయాలో జాబితా రాయమన్నాడు. జాక్ గార్మన్ అనే మరో కుర్రాడు చేత్తో రాసి, తన బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాడు.

జులై 20న నిజం నౌక దిగుతోంది. ‘1202’ వెలిగింది. లోపల ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ అడుగుతున్నారు, అదేమిటో చెప్పమని. గార్మన్ జాబితా చూశాడు, బేల్స్‌కు చెప్పాడు, బేల్స్ ‘కానివ్వండి’ అన్నాడు. ఇదంతా క్షణాల్లో అయిపోయింది. ఆ రిహార్సల్లో చంద్రుడు లేడు, నౌక లేదు. కుర్చీలు, తెరలు, ఒక అంకె ఉన్నాయి. నిర్ణయం తీసుకోవాల్సిన మనిషి మీద పడ్డ ఒత్తిడి మటుకు అచ్చం నిజమైనది.

అందుకే మన మెడికల్ కాలేజీల్లో లక్షలు పోసి కొన్న బొమ్మలను చూసి మురిసిపోవడం నాకు మింగుడుపడదు. స్కిల్ ల్యాబ్ ప్రతి కాలేజీలో ఉండాలన్నది నిబంధన. మంచిదే. రక్తనాళంలో సూది ఎక్కించడం మనిషి చేతి మీద కంటే ముందు రబ్బరు చేతి మీద నేర్చుకోవడం న్యాయం. కానీ బొమ్మ కొనడం సులువు. టెండరు, బిల్లు, ప్రారంభోత్సవం, ఫొటో. ఏ సమయంలో ఏ గండం తేవాలో తెలిసిన ‘కూస్’ను తయారుచేయడం కష్టం.

బొమ్మలో లేనిది, డ్రిల్లులో లేనిది

వేషంలో ఏది వదిలేస్తామో శిక్షణలోనూ అదే జారిపోతుంది. గుండె ఆగినవాళ్ళకు ఛాతీ నొక్కి ఊపిరి పోసే సీపీఆర్ నేర్చుకునే బొమ్మ 1960లో నార్వేలో పుట్టింది. చేసినవాడు ఆస్మండ్ లేర్డాల్ అనే ఆటబొమ్మల తయారీదారు. దానికి పెట్టిన మొహం పారిస్‌లో సెన్ నదిలో దొరికిన అనామక యువతిదని ప్రచారంలో ఉన్న మృతముఖపు అచ్చు. మొహం అమ్మాయిదే కానీ ఒళ్ళు? శిక్షణ బొమ్మల్లో ఎక్కువ భాగం చదునైన మగ ఛాతీవే. 2017లో అమెరికాలో వెల్లడైన ఒక అధ్యయనం ప్రకారం, నలుగురూ తిరిగే చోట గుండె ఆగి పడిపోయిన మగవాళ్ళలో 45 శాతం మందికి దారినపోయేవాళ్ళు సీపీఆర్ చేస్తే, ఆడవాళ్ళలో 39 శాతం మందికే చేశారు. ఆడమనిషి ఛాతీ మీద చెయ్యి వేయడానికి జంకు. ఆ జంకు పోగొట్టాల్సిన చోటు శిక్షణ గది. 2023లో తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణను ఉద్యమంలా మొదలుపెట్టింది. మన ఊళ్ళో బస్టాండులో ఒక అక్క పడిపోతే చుట్టూ మూగిన మగవాళ్ళు ఏం చేస్తారో ఊహించుకోండి. ‘ఎవరన్నా ఆడవాళ్ళు రండమ్మా’ అని కేకలేస్తారు. ఆ కేకలేసే నిమిషంలోనే ప్రాణం పోతుంది. బొమ్మకు ఒక చీర చుట్టి, పక్కన ఒక మరిది పాత్రను నిలబెట్టి ‘ముట్టుకోకు’ అనిపిస్తే తప్ప ఆ శిక్షణ పూర్తి కాదు.

మాక్ డ్రిల్లుల సంగతీ అంతే. 2025 మే 7న దేశమంతటా పౌర రక్షణ డ్రిల్లు జరిగినప్పుడు హైదరాబాద్‌లో సైరన్లు సాయంత్రం నాలుగింటికి మోగాయి. ఏ టైముకు మోగుతాయో ముందే టీవీల్లో వచ్చింది. కట్లు కట్టించుకుని స్ట్రెచర్ మీద పడుకున్న క్షతగాత్రులు నవ్వు ఆపుకోలేకపోవడం ఏ డ్రిల్లులోనైనా మామూలే. సరిగ్గా ఐదేళ్ళ ముందు అదే మే 7న, విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో అక్కడి కర్మాగారం నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది తెల్లవారుజామున మూడింటి వేళ, జనం గాఢనిద్రలో ఉండగా. ఆ రాత్రి కర్మాగారం సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీయే తేల్చింది. డ్రిల్లులో మోగే సైరన్ నిజంలో మోగకపోతే ఏం చేయాలన్నది కదా డ్రిల్లు చేయాల్సింది?

వీసా ఇంటర్వ్యూకు మాక్ ఇంటర్వ్యూలు పెట్టే అమీర్‌పేట దుకాణాల గురించి ఒక్క మాట. అక్కడ ప్రశ్నతోపాటు జవాబూ అమ్ముతారు. పదిమందీ అప్పజెప్పే అదే జవాబు పదకొండోసారి విన్న అధికారి ఏం అనుకుంటాడో ఆ దుకాణదారుకు పట్టదు.

అంపైరే ఆటలో దిగితే

వేషం అతిగా నిజమైతే? 1971 ఆగస్టులో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నేలమాళిగలో ఫిలిప్ జింబార్డో నడిపిన ఉత్తుత్తి జైలు గురించి చాలామంది వినే ఉంటారు. కాలేజీ కుర్రాళ్ళలో కొందరిని కాపలాదార్లుగా, కొందరిని ఖైదీలుగా విడదీశారు. ఖైదీలను అసలు పోలీసులే ఇళ్ళకొచ్చి అరెస్టు చేశారు. రెండు వారాలనుకున్నది ఆరో రోజుకే ఆపాల్సి వచ్చింది, కాపలాదార్ల ఆగడాలు శ్రుతిమించి. మనిషికి అధికారం ఇస్తే రాక్షసుడవుతాడనడానికి ఇది రుజువని దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాలు చెప్పాయి. తర్వాత పాత టేపులు, కాగితాలు తిరగేసినవాళ్ళు కాపలాదార్లను కఠినంగా ఉండమని నిర్వాహకులే పురికొల్పారని బయటపెట్టారు.

నాకు అన్నిటికంటే పెద్ద తప్పుగా కనిపించేది వేరే. పరిశోధకుడు జింబార్డోయే జైలు సూపరింటెండెంటు పాత్ర వేశాడు. ‘చాలు, ఆపండి’ అనాల్సినవాడే వేషంలో మునిగాడు. బయటి నుంచి చూడటానికి వచ్చిన క్రిస్టీనా మాస్లాక్ అనే యువ పరిశోధకురాలు ఇదేం అఘాయిత్యమని నిలదీస్తే గానీ ఆయనకు తెలివి రాలేదు.

ఉత్తుత్తిని అసలుతో కలవనివ్వకూడదన్న తెలివి మన ఎన్నికల సంఘానికి ఉంది. పోలింగ్ మొదలయ్యే గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట కనీసం యాభై ఉత్తుత్తి ఓట్లు వేయించి, లెక్క చూపించి, యంత్రంలోంచి వాటిని చెరిపి, వీవీప్యాట్ చీటీలను బయటకు తీసి, వాటి వెనక ముద్ర వేసి, నల్ల కవర్లో పెట్టి సీలు వేయమంటుంది. చెరపడం మరిస్తే ఉత్తుత్తి ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. మాక్ పోల్‌లో ఓటు వేయించడం కంటే ముఖ్యమైన పని దాన్ని చెరిపేయడమే.

బడిలో ఈ చెరిపే పనిని, అంటే వేషం విప్పే పనిని, మనం మొక్కుబడి చేశాం. స్వపరిపాలన దినం తెలుగు పిల్లలందరికీ తెలిసిన పండగ. ఇంట్లోంచి తెచ్చిన అమ్మ చీర కుచ్చిళ్ళకు అరడజను పిన్నీసులు పెట్టుకున్న తొమ్మిదో తరగతి ‘మేడం’, అన్నయ్య ప్యాంటు బెల్టుతో బిగించిన ‘హెడ్మాస్టరు’, మెడలో విజిలు వదలని ‘పీఈటీ సారు’. ఆరో తరగతి పిల్లలు కొత్త మేడాన్ని ఏడిపించే తీరు, ఆ మేడం డస్టరు బల్లకేసి కొట్టి అచ్చం తమ లెక్కల టీచరులా గద్దించే తీరు చూడముచ్చటగా ఉంటాయి. సాయంత్రం సభలో మాత్రం అందరూ ఒకే వాక్యం చెబుతారు: ‘టీచరు ఉద్యోగం ఎంత కష్టమో తెలిసింది’. చప్పట్లు, చాక్లెట్లు. నువ్వు గద్దించినప్పుడు నీకేమనిపించింది? ఏ పిల్లవాడి మీద కోపం వచ్చింది, వాడి మీదే ఎందుకు? వెనక బెంచీ వాళ్ళను ఒక్కసారైనా ప్రశ్న అడిగావా? ఈ మూడు అడిగితే ఆ పూట చదువు అప్పుడు మొదలవుతుంది.

‘మా నాయినకు చెప్పకుర్రి’

2019లో చేరిన బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నీతి, సంభాషణలకు ప్రత్యేకంగా పాఠాలు పెట్టారు. ‘ఎట్‌కామ్’ అంటారు. రోల్ ప్లే అందులో భాగం. చాలాచోట్ల జరిగేది ఇద్దరు విద్యార్థులు వేదికెక్కి, ఒకరు రోగిగా మరొకరు డాక్టరుగా, కాగితంలో ఇంగ్లీషులో ఉన్నది చదవడం. వెనక వరసలో కేరింతలు. రోగి వేసినవాడికి జవాబు ముందే తెలుసు. డాక్టరు వేసినవాడికి భయం లేదు.

దీని బదులు ఒక కార్డు ఇలా రాసి ఒక రంగస్థల నటుడి చేతిలో పెట్టి చూడండి. రోగికి అరవై రెండేళ్ళు, సిద్దిపేట దగ్గరి రైతు. ఊపిరితిత్తుల్లో గడ్డ, క్యాన్సరని రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ వార్డులోకి అడుగుపెట్టే ముందే వరండాలో కొడుకు అడ్డుపడతాడు.

‘మేడం, మా నాయినకు చెప్పకుర్రి. టీబీ అని చెప్పుర్రి. ఇన్నడంటే అన్నం మానేస్తడు.’

నటుడికి ఇచ్చే సూచనల్లో పొడుగాటి డైలాగులేమీ ఉండవు. షరతులుంటాయి. డాక్టరమ్మ నిలబడే, ఫైలు చూస్తూ మాట్లాడితే గొంతు పెంచు. ‘రోగికి తెలుసుకునే హక్కు ఉంది’ అని చట్టం మాట్లాడితే ‘మీ నాయినైతే చెప్తరా?’ అని ఎదురడుగు. ‘అన్నా, ఇటొచ్చి కూసో. పెద్దాయనకు ఇప్పటిదాకా ఏం చెప్పిన్రు?’ అని అడిగితే మాత్రం మెత్తబడు, కళ్ళు తుడుచుకో. లోపల మంచం మీది తండ్రికి ఒకే ఒక్క మాట: ‘బిడ్డా, వాడు నీకేం చెప్పిండో నాకెరుకే. నాకేమైంది?’ ఆ మాట తర్వాత ఎంతసేపైనా మౌనంగా చూడమని.

ఈ కార్డు మన వరండాల్లోదే, అమెరికా పుస్తకంలో దొరకదు. మన దగ్గర చెడు కబురు ముందు ఇంటివాళ్ళకు తెలుస్తుంది, ఆనక రోగికి, ఒక్కోసారి అసలు తెలియదు. భాష సంగతీ అంతే. కోస్తాలో పుట్టి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంగ్లీషులో చదివిన అమ్మాయికి ‘పానం బాగలేదు’, ‘కడుపుల దేవుతున్నది’, ‘కాళ్ళు గుంజుతున్నయి’ వింటే రోగం తెలియాలి. రాయలసీమ కుర్రాడికి శ్రీకాకుళం అవ్వ చెప్పే ‘ఒళ్ళు తిప్పేస్తంది’ తెలియాలి. ఈ మాటలు చెప్పడానికి ప్లాస్టిక్ బొమ్మకు నోరు లేదు.

ఆట ముగిశాక కొడుకు వేషం వేసినాయన తన అసలు పేరు చెప్పుకుని, కుర్చీ మార్చి కూర్చోవాలి. పగటి వేషగాడి ఆఖరి రోజులాగే. అప్పుడు చెప్పాలి: ‘అమ్మా, మీరు వాచీ చూసుకున్న క్షణంలోనే నాకు కోపం వచ్చింది’ అని. ప్రొఫెసరు ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కనిది ఈ ఒక్క మాటతో ఎక్కుతుంది.

ఇంతకీ నటులెక్కడ? పరిషత్తు నాటకాల్లో బహుమతులు తెచ్చుకున్నవాళ్ళు ఏడాదిలో సగం రోజులు ఖాళీగా ఉంటున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో పుట్టిన సురభి నాటక సమాజం కుటుంబాల పిల్లలు నడక రాకముందే రంగస్థలం ఎక్కినవాళ్ళు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల విభాగాలున్నాయి. ఆ విశాఖలోనే 1923 నుంచి ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది. ఒకరికి రోగులు కావాలి, ఇంకొకరికి వేషాలు కావాలి. మధ్యలో ఖర్చు ఆటో చార్జీ, ఒక పూట పారితోషికం. ఒక్క బొమ్మ ధరతో ఎన్ని పూటలు గడుస్తాయో ప్రిన్సిపాళ్ళే లెక్క వేసుకోవచ్చు.

మొదలుపెట్టేటప్పుడు క్యాన్సర్ కార్డు జోలికి పోకూడదు. చావు కబురు పదేపదే వినే పాత్ర వేసిన నటుడు ఇంటికెళ్ళాక కూడా కుదురుగా ఉండలేడు. అలాంటి కేసులు పూటకు మూడు నాలుగు మించకుండా, మనుషుల్ని మారుస్తూ వేయించాలి. మొదటి ఏడాది వాళ్ళకు మామూలు జ్వరం చాలు. మూడు రోజులుగా జ్వరమని వచ్చిన ఒక పెద్దావిడ, అడగనిదే చెప్పని ఒక సంగతి: ఆర్‌ఎంపీ దగ్గర అప్పటికే రెండు సూదులు వేయించుకుంది. అది ఎవరు రాబడతారో చూద్దాం.